హోల్‌సేల్‌లో డబ్ల్యూ మర్చిపోకుండా ఉండాలంటే

కర్నూలులో ఎర్రగడ్డల హోల్‌సేల్ షాపుకి బోర్డు రాయించేవాళ్లయినా, అనంతపురంలో డీఎస్సీకి చదివే పిల్లలైనా ఒక ఇంగ్లీషు మాట దగ్గర తడబడతారు, అదే 'హోల్', మొత్తం అని అర్థం. ముందు డబ్ల్యూ లేకపోతే అది కన్నం అయిపోతుంది, అప్పుడు మీ షాపులో కన్నాలు టోకున అమ్ముతున్నట్టు!

నిజానికి ఆ డబ్ల్యూ మొదట్నుంచీ లేదు. పాత ఇంగ్లీషులో ఈ మాట 'హాల్', దెబ్బ తగలనిది, ఆరోగ్యంగా ఉన్నది అని అర్థం. 15వ శతాబ్దంలో రాతలోకి డబ్ల్యూ వచ్చి చేరింది, పలకడంలో మాత్రం దానికి పనేం లేదు. గాయం మానడం అనే హీల్, ఆరోగ్యం అనే హెల్త్, పవిత్రం అనే హోలీ, అన్నీ ఇదే కుటుంబం. కన్నం హోల్ వేరే వంశం, బోలు అనే అర్థం వచ్చే 'హాలో'కి చుట్టం.

రాసేటప్పుడు ఆ చోట 'మొత్తం' పెట్టి చూడండి, కుదిరితే డబ్ల్యూ వేసేయండి. 'పూర్తిగా' అనే అర్థంలో వచ్చే హోలీకి కూడా డబ్ల్యూ ఉంటుంది, కాకపోతే అక్కడ 'ఈ' పోయి 'ఎల్' రెండుసార్లు వస్తుంది.