వివక్ష ఫిర్యాదు వచ్చింది, విచారణ ముందుకు కదలడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా చూడండి

ఆఫీసులో వివక్ష ఫిర్యాదు వచ్చింది, దాన్ని తేల్చే పని మీ మీద పడింది. మీరు హెచ్‌ఆర్‌లో ఉన్నా, కమిటీ సభ్యులైనా, మామూలు మేనేజరైనా ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. "ఆయన మనసులో వివక్ష ఉందా" అని వెతకడం మొదలుపెడితే ఎప్పటికీ తేలదు, ఎవరి మనసులోకీ మనం దూరి చూడలేం. "ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ల విషయంలో ఏం చేశారు" అని అడగండి, జవాబు చాలాసార్లు రికార్డుల్లోనే ఉంటుంది.

సమస్య: ఫిర్యాదులో వివరాలే లేవు, "నన్ను చిన్నచూపు చూస్తున్నారు" అని మాత్రం రాశారు

కారణం: నెలల తరబడి జరిగిన చిన్న చిన్న విషయాలు పేరుకుపోయి ఉంటాయి, దేన్ని రాయాలో తెలియదు, పైగా భయం.

ఏం చేయాలి: మొదటి మీటింగ్‌లో మధ్యలో అడ్డురాకుండా మొత్తం చెప్పనివ్వండి. "ఆధారాలు ఉన్నాయా?" అని మొదటే అడిగితే మనిషి అక్కడే ముడుచుకుపోతారు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా అడగండి: ఏ నిర్ణయం, ఎప్పుడు, ఎవరు తీసుకున్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, మీలాగే ఉన్న ఇంకెవరికైనా వేరేగా జరిగిందా. చెప్పింది రాసి, వాళ్లకే చదివి వినిపించి సంతకం తీసుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, అది నిలబెట్టుకోలేరు. విచారణకు అవసరమైనవాళ్లకు తప్ప చెప్పనని చెప్పండి, అదే నిజం.

ఇక్కడే ఇంకోటి కూడా తేల్చుకోవాలి. అందరి మీదా అరిచే మేనేజర్ తప్పు చేస్తున్నట్టే, చర్య కూడా తీసుకోవాలి, కానీ అది వివక్ష కిందకు రాకపోవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒప్పందం జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం, జాతీయ మూలం, సామాజిక మూలం ఆధారంగా ఉద్యోగంలో తేడా చూపడాన్ని వివక్షగా చెప్పింది. వయసు, వైకల్యం, గర్భం లాంటివి చాలా దేశాల చట్టాల్లో ఉన్నాయి. మీకు వర్తించే చట్టం, మీ కంపెనీ పాలసీ రెండూ ముందు పెట్టుకుని చూడండి.

సమస్య: ఇద్దరూ రెండు రకాలుగా చెబుతున్నారు, సాక్షులు ఎవరూ లేరు

ఎక్కువ ఫైళ్లు ఇక్కడే మూతపడతాయి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. కారణం ఏమిటంటే, హత్య కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలనుకుంటారు. అంత అక్కర్లేదు. ఇలాంటి విచారణలో మామూలుగా చూసేది, రెండింటిలో ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అనేదే.

ఉదాహరణకు ప్రమోషన్ ఆపేశారు, "కమ్యూనికేషన్ బాలేదు" అన్నారనుకోండి. అదే గ్రేడ్‌లో గత రెండు మూడేళ్లలో ప్రమోషన్ వచ్చినవాళ్ల, రానివాళ్ల అప్రైజల్స్ తెప్పించండి. అదే లోపం రాసి ఉన్నా ప్రమోషన్ వచ్చినవాళ్లున్నారా? ఈ కారణం మొదటిసారి కాగితం మీదకు ఎప్పుడు వచ్చింది, నిర్ణయానికి ముందా, ఫిర్యాదు వచ్చాకా? మొదట కమ్యూనికేషన్ అని, తర్వాత అనుభవం తక్కువ అని, ఆ తర్వాత బడ్జెట్ లేదని మాట మారుస్తూ పోతే అది కూడా రాసుకోవాల్సిన ఆధారమే. అమెరికా సుప్రీంకోర్టు 1973లో మెక్‌డొనెల్ డగ్లస్ కేసులో చెప్పిన పద్ధతి కూడా దాదాపు ఇదే: ముందు ఉద్యోగి ప్రాథమికంగా కేసు చూపించాలి, యజమాని తన కారణం చెప్పాలి, ఆ కారణం వట్టి సాకు అని చూపించే అవకాశం ఉద్యోగికి ఉండాలి.

గొంతు వణికింది కాబట్టి అబద్ధమనో, ధైర్యంగా మాట్లాడారు కాబట్టి నిజమనో రాయకండి. అలాగే ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లకు తమ మీద ఉన్న ప్రతి అంశం స్పష్టంగా తెలియాలి, జవాబు చెప్పుకోవడానికి సరిపడా టైమ్ ఉండాలి. వాళ్లు పేర్లు చెప్పిన సాక్షులను కూడా పిలిచి మాట్లాడండి.

సమస్య: "రూల్ అందరికీ ఒకటే కదా, ఇంకెక్కడి వివక్ష?" అంటున్నారు

కారణం: రూల్ ఒకటే అయినా దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. అమెరికాలో డ్యూక్ పవర్ కంపెనీ కొన్ని ఉద్యోగాలకు హైస్కూల్ డిప్లొమా, పరీక్షలు పెట్టింది. వాటివల్ల నల్లజాతి ఉద్యోగులే ఎక్కువగా ఆగిపోతున్నారు, పైగా ఆ పని చేయడానికి అవి అవసరమని కంపెనీ చూపించలేకపోయింది. 1971లో గ్రిగ్స్ కేసులో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది.

ఏం చేయాలి: ఆ రూల్ వల్ల ఎవరు ఎక్కువగా నష్టపోతున్నారో లెక్క తీయండి, పనికి అది నిజంగా అవసరమా అని అడగండి, అదే పని జరిగే వేరే దారి ఉందేమో చూడండి. రాత్రి మీటింగ్‌లకు రావడాన్ని అప్రైజల్‌లో లెక్కేస్తుంటే ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లే వెనకబడతారు.

సమస్య: ఫిర్యాదు చేసినవాళ్లకే కష్టాలు మొదలయ్యాయి, సాక్షులు వెనక్కి తగ్గుతున్నారు

కారణం: పేరు బయటకు పొక్కింది, లేదా "మీ మంచికే" అంటూ ఫిర్యాదు చేసినవాళ్లనే వేరే టీమ్‌కి మార్చారు. ఇది చూసిన ఎవరూ ఇక నోరు విప్పరు.

ఏం చేయాలి: వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప ఫిర్యాదుదారుని కదపకండి. అవతలివారి చేతిలో ఉన్న అధికారాన్ని తాత్కాలికంగా పక్కకు తీయండి: రేటింగ్, సెలవులు, షిఫ్టులు వేరే మేనేజర్ చూడాలి. కక్ష సాధింపు దానంతట అదే ఒక తప్పని, అసలు ఫిర్యాదు రుజువు కాకపోయినా దానికి చర్య ఉంటుందని రాతపూర్వకంగా చెప్పండి. ఫైలు మూసిన నెలకు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి పలకరించి షిఫ్టులు, రేటింగులు ఏమైనా మారాయేమో రికార్డులో చూడండి.

సమస్య: విచారణ సాగుతూనే ఉంది, చాట్‌లు దొరకడం లేదు

ఫిర్యాదు వచ్చిన రోజే ఐటీ వాళ్లతో మాట్లాడి సంబంధిత ఈమెయిళ్లు, చాట్‌లు డిలీట్ కాకుండా ఆపించండి. ఎవరితో ఏ తేదీన మాట్లాడతారో షెడ్యూల్ రాసి, ఆలస్యమైతే ఇద్దరికీ చెప్పండి.

సమస్య: వివక్ష జరిగిందని తేలింది, అయినా ఏమీ మారలేదు

కారణం: తప్పు చేసినవాళ్లకు వార్నింగ్ ఇచ్చి ఊరుకున్నారు, జరిగిన నష్టం అలాగే ఉంది.

ఏం చేయాలి: ఆ తప్పుడు రేటింగ్ సరిచేయాలి, ప్రమోషన్‌ను సంబంధం లేని వేరే ప్యానెల్ మళ్లీ చూడాలి, రావాల్సిన జీతం బకాయి కట్టాలి. ఫలితాన్ని ఇద్దరికీ రాతపూర్వకంగా ఇవ్వండి. రుజువు కాకపోతే ఆ లెటర్‌లో "ఉన్న ఆధారాలతో నిర్ధారణ కాలేదు" అనే రాయండి, "తప్పుడు ఫిర్యాదు" అని రాయకండి. కావాలని అబద్ధం చెప్పారనడానికి విడిగా ఆధారం కావాలి.