కారు షెడ్డులో ఎపాక్సీ వేయించే ముందు ఇవి చూసుకోండి

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఎపాక్సీ (రెండు డబ్బాల రసాయనాలు కలిపి నేలకి వేసే గట్టి పూత) పెచ్చులు లేచిందంటే ముందు అనుమానించాల్సింది పెయింటును కాదు, కింద కాంక్రీటులో ఉన్న చెమ్మని.

- కొత్త కాంక్రీటు అయితే కనీసం 28 రోజులు ఆగండి.

- పాతదైనా సరే, అడుగున్నర పొడవు వెడల్పున్న మందపాటి ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి, నాలుగు అంచులకీ గాలి దూరకుండా టేపు వేసి, 16 గంటలయ్యాక లేపి చూడండి. లోపలివైపు నీటి బొట్లు కనిపించినా, ఆ మేర నేల నల్లబడినా పని ఆపేయాల్సిందే. "ఏం కాదు సార్, ఎండకి ఆరిపోతుంది" అని మేస్త్రీ అంటాడు, దయచేసి వినకండి, ఆ తడి భూమిలోంచి పైకొస్తోంది, రేపూ వస్తుంది.

- ఆయిల్ మరకలు డిగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రావణం) పోగొట్టాకే గ్రైండింగ్ చేయించండి, అంటే పూత పట్టేలా మెషీన్‌తో నేలని గరుకు చేయించండి. దాని బదులు యాసిడ్ పోసి గరుకు చేయడం వద్దంటాను, కడగడానికి మళ్లీ నేలంతా తడపాలి కదా.

- గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు డబ్బా మూత తీయొద్దు. నేల వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి, లేకపోతే పైన తెల్లటి జిడ్డు పొర కడుతుంది, దాని మీద రెండో కోటు అతుక్కోదు. వానాకాలం వదిలేసి జనవరి, ఫిబ్రవరి చూసుకోండి, అప్పుడైనా తెల్లవారుజామున మొదలుపెట్టొద్దు.

- హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో డబ్బా) మొత్తం పెయింటులో ఒకేసారి కలిపేయొద్దు, డబ్బాలోనే వేడెక్కి గట్టిపడుతుంది.

- చేతులకి గ్లౌజులు, రసాయన ఆవిర్లు ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు తప్పనిసరి.

- కారు వారం దాకా బయటే.