ఎన్‌ఎంసీ నుంచి మధ్యంతర సస్పెన్షన్ విచారణకు పిలుపు వస్తే ఏం చేయాలి?

బ్రిటన్‌లో పనిచేసే నర్సుకు, అక్కడి నర్సుల నియంత్రణ సంస్థ అయిన నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్‌ఎంసీ, నుంచి మధ్యంతర ఉత్తర్వుల విచారణకు నోటీసు వస్తే, ఆ ప్యానెల్ తప్పొప్పులు తేల్చడానికి కూర్చోదన్న సంగతి ముందుగా గ్రహించాలి. 2001 నాటి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ ఆర్డర్‌లోని 31వ అధికరణం కింద అది పరిశీలించేది ఒక్కటే: దర్యాప్తు ముగిసేదాకా ప్రజల రక్షణ కోసం గానీ, ఇతర ప్రజాప్రయోజనం కోసం గానీ, ఆ నర్సు సొంత క్షేమం కోసం గానీ ఆంక్ష అవసరమా?

అందువల్ల "నేను ఆ పని చేయలేదు" అని వాదించడంతోనే సరిపెట్టకుండా, ఈలోగా రోగులకు ప్రమాదం లేకుండా ఎలా పనిచేయగలరో చూపాలి. ప్యానెల్ పూర్తిగా సస్పెండ్ చేయకుండా షరతులతో పని చేయనివ్వవచ్చు. ఉదాహరణకు ఆరోపణ మందుల పొరపాటు గురించైతే, పర్యవేక్షణ లేకుండా మందులు ఇవ్వనని, ఒకే యజమాని దగ్గర పనిచేస్తానని, మేనేజర్ నివేదిక పంపుతానని మీరే ప్రతిపాదించవచ్చు. ఆ ఏర్పాటుకు వార్డు మేనేజర్ అంగీకరిస్తూ రాసిన లేఖ చేతిలో ఉంటే ఆ మాటకు బలం వస్తుంది. నిజాయితీకి సంబంధించిన ఆరోపణల్లో ఇలాంటి షరతులు కుదరడం కష్టమేనని కూడా తెలిసి ఉండాలి.

నోటీసు అందిన రోజే మీ యూనియన్‌కు ఫోన్ చేయండి. క్షమాపణ ధోరణిలో వివరణ రాసి పంపేయాలన్న తొందర మనవాళ్లలో ఎక్కువ. అది ఒప్పుకోలుగా నిలవవచ్చు కనుక ప్రతినిధి చదవనిదే ఏదీ పంపకండి. విచారణకు వెళ్లకపోతే మీరు లేకుండానే ఉత్తర్వు వెలువడవచ్చు.

ఉత్తర్వు మొదట గరిష్ఠంగా 18 నెలలు ఉంటుంది, ఆరు నెలల్లోగా సమీక్షకు వస్తుంది, ఆ 18 నెలలు దాటి పొడిగించాలంటే ఎన్‌ఎంసీ కోర్టును ఆశ్రయించాలి. సస్పెన్షన్ ఉన్నంతకాలం నర్సుగా ఎక్కడా, ఏజెన్సీ షిఫ్టుల్లో సైతం, పనిచేయకూడదు.

హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. జీతం లేని గైర్హాజరు ఒక క్యాలెండర్ సంవత్సరంలో నాలుగు వారాలు దాటితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసాకు ఆధారమైన స్పాన్సర్‌షిప్‌ను యజమాని ఆపవలసి వస్తుంది. కాబట్టి జీతం ఆగే సూచన కనబడగానే ఇమిగ్రేషన్ సొలిసిటర్‌ను కలవండి. కొత్త ఆధారం దొరికితే గడువు దాకా ఆగకుండా ఎన్‌ఎంసీ ఉత్తర్వుపై ముందస్తు సమీక్ష కోరవచ్చు.