ఫోన్‌లో కౌన్సెలింగ్: ముందు అడ్రస్, తర్వాతే కష్టసుఖాలు

ఫోన్ కలవగానే కౌన్సెలర్లు "చెప్పండి, మనసులో ఏముందో అంతా చెప్పేయండి" అంటారు. అవతలి మనిషి చెప్పడం మొదలుపెడతారు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో తెలీదు, పక్కన ఎవరున్నారో తెలీదు, లైను తెగితే ఏం చేయాలో ఇద్దరికీ తెలీదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి రెండో వేవ్ అయ్యేదాకా రోజుకి ఐదారు ఫోన్లు మాట్లాడాను, కొత్తగా చేరినవాళ్ళకి నేర్పాను కూడా. ఎవర్ని చూసినా ఇదే తప్పు. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఈసారైనా సరిగ్గా చేయండి.

ఇది శిక్షణ ఉన్న కౌన్సెలర్లు, సైకాలజిస్టుల కోసం. సాయం చేద్దామని వచ్చిన మిగతావాళ్ళు ఓపిగ్గా విని, 14416కి దారి చూపిస్తే చాలు. అది టెలీమానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు. రెండు వీడియోలు చూసి చికిత్స మొదలుపెట్టకండి.

సరంజామా

రెండు ఫోన్లు, వైరున్న ఇయర్‌ఫోన్లు, ఒక నోటుబుక్కు, గడియ పెట్టుకోగలిగిన గది. బ్లూటూత్ వద్దు, అవతలివాళ్ళకి ఏడుపొచ్చే సమయానికే దాని చార్జింగ్ అయిపోతుంది. మంచం మీద వాలి మాట్లాడొద్దు, గొంతులో తెలిసిపోతుంది. రికార్డింగ్ వద్దే వద్దు. 45 నిమిషాలు దాటొద్దు.

వీడియో కూడా వద్దంటాను. వీడియో ఉంటేనే అసలైన థెరపీ అని వాదించేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉన్నప్పుడు, ఫోన్‌ని పప్పుల డబ్బాకి ఆనించి ఏ కోడలు మాట్లాడుతుంది? పైగా తెర మూలన తన మొహమే కనిపిస్తుంటే ఏడ్చేవాళ్ళు కూడా ఆపేసుకుంటారు. ఉత్త ఫోనైతే డాబా మీద బట్టలు ఆరేస్తూ మాట్లాడొచ్చు. ఊపిరి తేడా, మాట మధ్యలో ఆగడం, గుటక వేయడం, చెవి పెడితే అన్నీ వినిపిస్తాయి.

మొదటి ఐదు నిమిషాలు

ఇక్కడ మాత్రం తొందరపడకండి. ప్రతిసారీ చేయాలి. పదో ఫోనైనా సరే, మొదటి ఫోనులాగే.

"ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడగండి. "ఇంట్లోనే అండీ" అంటారు. అది జవాబు కాదు. ఏ ఇల్లు, ఏ ఊరు, ఏ వీధి, దగ్గర్లో గుడో స్కూలో ఏముంది, రాసుకోండి. నాకు బుద్ధొచ్చింది 2020 మేలో (గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నా). నా పుస్తకంలో కూకట్‌పల్లి అడ్రస్ ఉంది. మనిషేమో అప్పటికే పశ్చిమ గోదావరిలో అత్తగారి ఊళ్ళో ఉంది. మాటల మధ్య "పురుగుల మందు డబ్బా ఎక్కడుందో చూసి పెట్టుకున్నా" అంది. లైను తెగింది. ఆ ఊరి పేరేంటో నాకు తెలీదు. హైదరాబాద్‌లో కూర్చుని నేను 108 కొడితే తెలంగాణ వాళ్ళు పలుకుతారు, కావాల్సిన బండేమో ఆంధ్రాలో ఉంది. నలభై నిమిషాల తర్వాత ఆమే తిరిగి ఫోన్ చేసింది. ఆ నలభై నిమిషాలు నేనెలా ఉన్నానో ఇక్కడ రాయలేను.

తర్వాత దగ్గరి మనిషి. ఏదన్నా అయితే పది నిమిషాల్లో అక్కడికి చేరగలిగినవాళ్ళు ఒకరు కావాలి. అమెరికాలో ఉన్న తమ్ముడు పనికిరాడు. పక్కింటి పిన్నిగారు పనికొస్తారు. ఆ మనిషిని మీరు ఎంచకూడదు, మాట్లాడేవాళ్ళే చెప్పాలి. భర్త పేరు మీ అంతట మీరు రాసుకుంటే, ఒక్కోసారి కష్టానికి కారణమైనవాడి చేతికే తాళం ఇచ్చినట్టు. "ప్రాణానికి ముప్పు అనిపిస్తే తప్ప వీళ్ళకి ఫోన్ చేయను, మీరు చెప్పింది మరెవరికీ చెప్పను" అని అప్పుడే చెప్పేయండి. తర్వాత చెబితే మోసపోయామనుకుంటారు.

ఇక పక్కన ఎవరున్నారన్నది. "ఒంటరిగా ఉన్నారా?" అని అడిగితే, పక్కన అత్తగారు ఉన్నా "ఆ, పర్లేదండీ" అనే వస్తుంది. అందుకే నేను ఇలా అంటాను: "నేను అడుగుతా, మీరు ఆ, ఊఁహూఁ అనండి చాలు. గదిలో ఎవరన్నా ఉన్నారా? మన మాటలు వాళ్ళకి వినిపిస్తాయా? స్పీకర్ ఆన్‌లో ఉందా?" ఒక గుర్తుమాట కూడా వాళ్ళనే పెట్టుకోమనండి. "గ్యాస్ ఇంకా రాలేదండీ" అంటే ఎవరో వచ్చారని అర్థం. ఆ మాట వినగానే "సరేనండీ, రేపు కనుక్కుని చెబుతా" అని పెట్టేయాలి. వెంటనే తిరిగి ఫోన్ చేయకూడదు, ఎత్తేది వేరేవాళ్ళు కావచ్చు. మీ నంబరు వాళ్ళ ఫోన్‌లో ఏ పేరుతో ఉందో కూడా ముందే అనుకోండి. "డాక్టర్ కౌన్సెలింగ్" అని పెట్టుకున్న పిల్ల పడ్డ తిట్లు నేను విన్నాను.

చివరగా ఆ ప్రశ్న. "చచ్చిపోవాలనిపిస్తోందా?" ఈ మాటలతోనే అడగండి. "చెడు ఆలోచనలు వస్తున్నాయా" అని నసిగితే వాళ్ళూ నసుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం, అడిగితే ఊరట పడేవాళ్ళే ఎక్కువ. మన ఇళ్ళల్లో "చచ్చిపోతే పీడా పోతుంది" అనడం మామూలే కదా అని దాటేయకండి. ఎలా, ఎప్పుడు, చేతికి అందేలా ఏముంది, అన్నీ అడగండి. ఔనంటే లైను వదలొద్దు. రెండో ఫోన్ దీనికే. దాంతో దగ్గరి మనిషిని పిలవండి, పురుగుల మందు, మాత్రలు ఇంట్లోంచి తీయించండి, 108కి అక్కడివాళ్ళ చేతే ఫోన్ చేయించండి. అప్పటికే ఏదన్నా తాగి ఉంటే, పోలీసు కేసవుతుందని ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఆగిపోతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించడానికి లేదు. ఆ ముక్క గట్టిగా చెప్పండి.

ఇదంతా అయ్యాకే "చెప్పండి" అనాలి. అక్కణ్ణుంచి మీకు వచ్చిన పనే, నేను కొత్తగా నేర్పేదేం లేదు. ఒక్కటి. అయినవాళ్ళని కడసారి చూసుకోలేక, పదిమందీ వచ్చి పలకరించక మిగిలిపోయినవాళ్ళకి శ్వాస వ్యాయామాలు నేర్పకండి. పోయినవాళ్ళ గురించి చెప్పమనండి, వినండి.

ఎదురుగా కూర్చోక తప్పకపోతే

లేని గొంతులు వినిపిస్తున్నవాళ్ళు, తిండి మానేసినవాళ్ళు, చిన్నపిల్లలు, ఇంట్లో మాట్లాడే చోటే లేనివాళ్ళు, వీళ్ళకి ఫోన్‌లో కుదరదు. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి, అది మన పని కాదు. కుర్చీలకి శానిటైజర్ కొట్టి, కిటికీలు మూసి, ఏసీ వేసుకునే మహానుభావుల్ని చూశాను. కోవిడ్ ముఖ్యంగా గాలిలో వస్తుంది. కిటికీలు తెరవండి, ఏసీ ఆపండి, ఇద్దరూ ఎన్95 పెట్టుకుని ఆరడుగుల దూరంలో కూర్చోండి. జ్వరం, దగ్గు ఎవరికున్నా వాయిదా.

అనుకున్న టైముకి ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకండి, ఎవరు చదువుతారో తెలీదు. అరగంట ఆగి ఇంకోసారి చేయండి. కిందటిసారి ఆ ప్రశ్నకి ఔనన్న మనిషైతే అరగంట కూడా ఆగొద్దు, పిన్నిగారికి చేయండి.