కారు చక్రాల అమరిక – నాలుగవ పాఠం: బండి ఎత్తు మారితే కాంబర్ ఎందుకు మారుతుంది

మూడవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చాలామందిని తిప్పలు పెట్టిందని మీరు పంపిన కొలతల కాగితాలు చూడగానే అర్థమైంది. ముందు చక్రాల దగ్గర బండి ఎత్తు కొలిచి, ఆ పక్కనే ఆ చక్రం కాంబర్, అంటే నిట్టనిలువు నుంచి చక్రం లోపలికో బయటికో వాలిన కోణం, రాయమని అడిగాను. సగానికి పైగా కాగితాలలో ఎత్తును నేల నుంచి ఫెండర్ (చక్రం పైన కప్పి ఉండే రేకు) అంచు వరకు కొలిచారు. ఆ తప్పు నాది. "చక్రం దగ్గర బండి ఎత్తు" అని రాసి ఊరుకున్నానే గాని, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో చెప్పలేదు. అందువల్ల ఈ పాఠంలో మొదటి భాగమంతా ఆ మరమ్మతుకే పోతుంది.

నేల నుంచి కొలిస్తే టైరు ఎత్తు కూడా అందులో కలిసిపోతుంది. బొబ్బిలి నుంచి రాసిన ఒక పాఠకుడు తన పాత చిన్న కారుకు 155/80 ఆర్13 టైర్లు తీసి, రిమ్ములతో సహా 165/80 ఆర్14 టైర్లు వేయించారు. లెక్క ప్రకారం మొదటి టైరు వ్యాసం 578 మిల్లీమీటర్లు, రెండవదాని వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. వ్యాసార్ధంలో తేడా దాదాపు 21 మిల్లీమీటర్లు కనుక ఆయన కారు అంతమేర పైకి లేచింది. బండి లేస్తే కాంబర్ ధనం వైపు, అంటే చక్రం పైభాగం బయటికి వాలే వైపు, జరుగుతుందని నేను చెప్పి ఉన్నాను. ఆయన కొలిస్తే వెంట్రుకవాసి కూడా జరగలేదు. "మీ పాఠమైనా తప్పు కావాలి, నా స్కేలైనా తప్పు కావాలి" అని రాశారు. రెండూ సరైనవే. టైరు మారితే చక్రం, దాన్ని పట్టి ఉంచే ఆర్మ్, స్ట్రట్, పైన బాడీ అన్నీ కలిసికట్టుగా పైకి లేస్తాయి. బాడీకి, చక్రానికి మధ్య దూరం మారదు. కాంబర్‌ను కదిలించేది ఆ మధ్య దూరం ఒక్కటే. కాబట్టి ఇకపై మనకు ఎత్తు అంటే చక్రం నడిమధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు వరకు ఉన్న దూరం. మరో కొలత పంపితే చూడను.

రెండవ తిప్పలు జాకీ వల్ల వచ్చినవి. రాజాంలోని ఒక విద్యార్థి పది నిమిషాల్లో ఒకే చక్రానికి మూడు వేరు వేరు ఎత్తులు రాసి పంపాడు. అతడు నిజాయితీగా రాశాడు గనుకనే కారణం దొరికింది: ప్రతిసారీ జాకీ దించిన వెంటనే కొలిచాడు. జాకీ ఎత్తినప్పుడు చక్రాలు కిందికి వేలాడుతూ కొంచెం దగ్గరకు వస్తాయి. దించినప్పుడు అవి తిరిగి దూరంగా జరగాలి, కాని టైరు రబ్బరు నేలను పట్టుకొని జరగనివ్వదు. అందుచేత బండి పూర్తిగా కూర్చోదు. ఎత్తు ఎక్కువగాను, కాంబర్ ధనం వైపుగాను కనిపిస్తాయి. బ్రేకు వేయకుండా బండిని మూడు మీటర్లు ముందుకు, మూడు మీటర్లు వెనక్కు నెట్టి, బానెట్‌ను రెండు మూడుసార్లు నొక్కి వదలడం పుస్తకాలలో ఉన్న పద్ధతి. నాకు మాత్రం బండిని వీధి చివరి దాకా నడిపి తీసుకురావడమే ఇష్టం. విజయనగరంలోని మా షెడ్డులో ప్రతి ముందు చక్రం కింద రెండేసి నున్నని టెక్కలి గ్రానైట్ ముక్కలు, వాటి మధ్య గ్రీజు పూసిన పాలిథీన్ కవర్లు పెట్టుకున్నాను. వాటి మీద టైరు తనంతట తానే జరిగి సర్దుకుంటుంది. ఈ ఏర్పాటుకు పెద్ద ఖర్చు లేదు. రాతి పనివాళ్ల దగ్గర మిగిలిన తునకలు చాలు.

మూడవది నేల. మన పెరళ్లకు, ముంగిళ్లకు వాననీరు పోవడానికి వాటం ఇస్తారన్న సంగతి ఒకరిద్దరు తప్ప ఎవరూ తలచుకోలేదు. రెండు ముందు చక్రాల మధ్య దూరం 1450 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక పక్క 10 మిల్లీమీటర్లు పల్లమైతే చాలు, తూకం గుండుతో (దారానికి నిట్టనిలువుగా వేలాడే బరువుతో) చూసినప్పుడు ఒక చక్రం 0.4 డిగ్రీలు ధనం వైపు, మరొకటి అంతే ఋణం వైపు జరిగినట్టు కనిపిస్తుంది. తాపీమేస్త్రీలు వాడే నీటి పైపు మట్టంతో నేల చూసుకోవడం మేలు. అది లేకపోతే అదే చోట బండిని వెనుదిప్పి నిలిపి మళ్లీ కొలిచి, ఒక్కొక్క చక్రానికి వచ్చిన రెండు అంకెల సగటు తీయండి. వాటం చేసిన మోసం దానంతట అదే కొట్టుకుపోతుంది.

ఇక అసలు పాఠం. కాంబర్ నిర్వచనం మళ్లీ చెప్పను. చక్రం పైభాగం లోపలికి వాలితే ఋణం అన్నది గుర్తుంటే చాలు. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో అత్యధిక భాగానికి ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అందులో చక్రాన్ని పట్టి ఉంచేవి రెండు: కింద అడ్డంగా ఉండే కడ్డీ లోయర్ ఆర్మ్, పైన బాడీకి బిగించిన స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఉన్న నిలువు కాడ). ఆర్మ్ లోపలి కొన బుష్ (రబ్బరు గుల్ల) మీద తిరుగుతుంది, బయటి కొన బాల్ జాయింట్‌తో (గుండు కీలుతో) ముగుస్తుంది. బాడీ దిగినప్పుడు బాల్ జాయింట్ బాడీకి సాపేక్షంగా పైకి వెళ్తుంది, అయితే నిట్టనిలువుగా కాదు, బుష్ చుట్టూ వృత్తంలో. స్ట్రట్ పై కొన మాత్రం కదలదు. కింది కొన వృత్తంలో తిరుగుతూ పై కొన స్థిరంగా ఉంటే వాటిని కలిపే గీత వాలు మారక తప్పదు; ఆ వాలే కాంబర్‌లో మార్పు.

మాటలతో నమ్మలేనివారి కోసం ఒక లెక్క. ఇది ఏ కంపెనీ కారుదీ కాదు, నేను కాగితం మీద గీసుకున్న బండి. ఆర్మ్ పొడవు 320 మిల్లీమీటర్లు. స్ట్రట్ పై కొన, ఆర్మ్ లోపలి బుష్ కంటే 193 మిల్లీమీటర్లు బయటికి, 547 మిల్లీమీటర్లు పైకి ఉంది. మామూలు ఎత్తులో బాల్ జాయింట్ బుష్ కంటే 40 మిల్లీమీటర్లు కిందికి వేలాడుతోంది. బాడీని 30 మిల్లీమీటర్లు దించితే కాంబర్ 0.86 డిగ్రీలు ఋణం వైపు జరిగింది. మరో 30 దించితే 0.66, ఇంకో 30కి 0.43, నాలుగో 30కి 0.14 మాత్రమే. ఐదో 30కి లెక్క తిరగబడి కాంబర్ 0.22 డిగ్రీలు వెనక్కు, అంటే ధనం వైపు వచ్చింది. ఆర్మ్, స్ట్రట్ ఒకదానికొకటి లంబంగా నిలిచే చోటు ఆ మలుపు. మన బొమ్మలో బాల్ జాయింట్ బుష్ కంటే దాదాపు 77 మిల్లీమీటర్లు పైకి చేరినప్పుడు అది వస్తుంది. నిజమైన బండిలో అంతవరకు పోకముందే బంప్ స్టాప్ (ఇంకా కుంగకుండా ఆపే రబ్బరు దిమ్మె) తగులుతుంది గాని, బాగా దించిన బండి మలుపులో ఒరిగినప్పుడు బయటి చక్రానికి కావలసిన ఋణం ఎందుకు దొరకదో ఈ అంకెలు చెప్పేస్తున్నాయి.

అదే బొమ్మలో బాడీని 30 మిల్లీమీటర్లు పైకి లేపితే కాంబర్ 1.04 డిగ్రీలు ధనం వైపు పోయింది. దించినప్పటి 0.86తో పోల్చి చూడండి. మన ప్రాంతపు గతుకులకు భయపడి స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించేవారు, స్ట్రట్ పైన స్పేసర్లు వేయించేవారు దీన్నే మరచిపోతారు. బండిని దించినవాడి కంటే లేపినవాడే కాంబర్‌ను ఎక్కువగా చెడగొట్టుకుంటాడు. టైరు బయటి అంచు ముందుగా అరిగిపోతే ఇతర కారణాలు వెతికే ముందు ఆ బఫర్లను చూడమంటాను.

వెనుక చక్రాల గురించి ఒక్క మాట. ఈ చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనుక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలను కలిపే, మెలిపడే దూలం) ఉంటుంది; రెండు చక్రాలు సమానంగా దిగితే కాంబర్ దాదాపు మారదు. కమాన్ పట్టీల మీద నిలిచే గట్టి యాక్సిల్‌కు, అంటే పాత అంబాసిడర్ వెనుక భాగానికి, సాలూరు లారీలకు కూడా ఇదే వర్తిస్తుంది. పలాస నుంచి జీడిపప్పు బస్తాలతో డిక్కీ కూరిన కారుకు వెనుక కాంబర్ కొలిచి తేడా లేదని ఆశ్చర్యపోయినవారికి ఇదే సమాధానం. తేడా ముందు చక్రాలలో వెతకండి. వెనుక కుంగినప్పుడు ముందు భాగం కొంచెం లేస్తుంది.

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి విసిగిస్తున్న విషయానికి వస్తాను. లోయర్ ఆర్మ్ బుష్ మార్చి, బండి ఇంకా జాకీ మీద ఉండగానే, చక్రం వేలాడుతూ ఉండగానే, బోల్టును పూర్తిగా బిగించేస్తారు. పని చేతికి అందుతుంది, కన్ను ఆనుతుంది, అందుకని. ఈ బుష్ బేరింగ్ కాదు. లోపల ఇనుప గొట్టం, బయట ఇనుప గుల్ల, మధ్య రెంటికీ అతుక్కుపోయిన రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీకి పట్టుబడిపోతుంది. ఆ తరువాత ఆర్మ్ ఎంత తిరిగినా ఆ తిరుగుడంతా రబ్బరు మెలిపడటం ద్వారానే జరగాలి. మన కాగితపు బండిలో చక్రం మామూలు ఎత్తు కంటే 80 మిల్లీమీటర్లు వేలాడుతుంటే ఆర్మ్ కోణం 7 డిగ్రీల నుంచి 22 డిగ్రీలకు పోతుంది. ఆ స్థితిలో బిగించి బండిని దించితే రబ్బరు పుట్టిన నాటి నుంచే 15 డిగ్రీల మెలికతో బతుకుతుంది. మెలిపడ్డ రబ్బరు స్ప్రింగులా బాడీని పైకి తోస్తుంది, బండి కొద్దిగా ఎత్తుగా నిలుస్తుంది, కాంబర్ ధనం వైపు చూపిస్తుంది. అదే రోజు అలైన్‌మెంట్ చేయిస్తే ఆ తప్పుడు ఎత్తుకే అంకెలు సరిచేసి ఇస్తారు. కొన్ని వారాలలో రబ్బరు చిరుగుతుంది లేదా సడలుతుంది, బండి దిగుతుంది, సరిచేసిన అంకెలన్నీ జారిపోతాయి. అప్పుడు నింద బుష్ కంపెనీ మీద పడుతుంది.

చేయవలసింది ఇది. బోల్టును చేతితో తిప్పినంత వరకే బిగించి, బండిని దించి, నడిపి, మెకానిక్ దిగి పనిచేసే గుంట మీద నిలిపి, చక్రాల మీద బరువు ఉండగా బిగించాలి. గుంట లేనివారు బాడీ కింద స్టాండు అలాగే ఉంచి, ఆర్మ్ కింద బాల్ జాయింట్‌కు దగ్గరగా రెండో జాకీ పెట్టి, చక్రం నడిమి నుంచి ఫెండర్ వరకు దూరం మీ కాగితంలోని మామూలు ఎత్తుకు సరిపోయే దాకా లేపి, అక్కడ బిగించవచ్చు. ఆ ఎత్తు కోసమే మూడవ పాఠంలో మిమ్మల్ని అంతగా విసిగించాను. బాడీ స్టాండు మీద నుంచి లేవబోతున్నట్టు కనిపిస్తే అక్కడే ఆగండి. అటువంటి బండికి గుంట తప్ప దారి లేదు.

విడిభాగాల లోపాన్ని పట్టుకోవడానికి ఎత్తు, కాంబర్ రెంటినీ జంటగా చదవాలి. గత నెల కళింగపట్నం నుంచి ఒక కారు వచ్చింది. "షాకులు పోనాయి గురువుగారూ, బండి ఎడమపక్కకి దిగిపోనాది" అన్నాడు దానిని నడిపే అబ్బాయి. షాక్ అబ్జార్బర్ ఊపును ఆపుతుందే తప్ప బరువు మోయదు. అది చచ్చినా బండి దిగదు. తూకం గుండు వేలాడదీసి చూశాను. ఎడమ ఎత్తు కుడి కంటే 12 మిల్లీమీటర్లు తక్కువ. రిమ్ము పై అంచుకు, కింది అంచుకు దారం నుంచి ఉన్న దూరాల తేడా కుడి చక్రంతో పోలిస్తే రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. పద్నాలుగు అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకు సుమారు 380 మిల్లీమీటర్లు కనుక 6.6 మిల్లీమీటర్లు ఒక డిగ్రీ. రెండున్నర అంటే సుమారు 0.4 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల దిగుడుకు మన బొమ్మ ఇచ్చే అంకె కూడా దానికి దగ్గరే. ఎత్తు, కాంబర్ కలిసి నడిచాయంటే ఆర్మ్ వంగలేదు, తప్పు స్ప్రింగ్‌దే. స్ప్రింగ్ కింది పళ్లెంలో వేలు పెట్టి తడిమితే చివరి చుట్టు అరచేయి పొడవున విరిగి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన అంచు గరగరలాడుతూ తగిలింది. పైనుంచి చూస్తే స్ప్రింగ్ నిండుగానే ఉంది.

ఎత్తులు రెండు పక్కలా సమానంగా ఉండి కాంబర్ ఒక చక్రానికే తేడాగా ఉంటే కథ వేరు: వంగిన స్ట్రట్, వంగిన నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క), వదులైన బాల్ జాయింట్, అరిగిన బుష్. ఒకటి ఎంత ఋణానికి పోయిందో రెండవది అంతే ధనానికి వచ్చి ఉంటే, నేల వాటం కాదని నిర్ధారించుకున్నాక, ఇంజన్ కింది సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే చట్రం) పక్కకు జరిగిందేమో చూడాలి. ఇవన్నీ తేలాకే స్ట్రట్‌ను నకిల్‌కు కలిపే రెండు బోల్టుల జోలికి పోవాలి. ఆ బోల్టు రంధ్రాన్ని ఆకురాయితో సాగదీసి కాంబర్ సరిచేసే పద్ధతి మన దగ్గర వాడుకలో ఉంది. నేను చేయను, మీకు నేర్పను. కాంబర్ కదిలిస్తే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు కొనలు లోపలికో బయటికో తిరిగిన తీరు) కూడా కదులుతుంది గనుక టో ఎప్పుడూ చివర. అది ఐదవ పాఠం.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది: పై కొలతలను సగానికి తగ్గించి, ఆర్మ్ 160 మిల్లీమీటర్లుగా అట్టముక్క, గుండుసూదులు, దారంతో ఆ బొమ్మను తయారుచేసి, నేను ఇచ్చిన ఆరు అంకెలను మీ కోణమానినితో సరిచూడండి, బాడీ కదలికను కూడా 15 మిల్లీమీటర్ల చొప్పున తీసుకోవాలని మరవకండి. రెండవది కష్టం, ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. ఖాళీ బండితో మొదలుపెట్టి, ముందు సీట్లలోను కాళ్ల దగ్గరా పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒక్కొక్కటిగా పెంచుతూ, నాలుగు బస్తాల వరకు ప్రతిసారీ బండిని నడిపి తెచ్చి, రెండు ముందు చక్రాల ఎత్తు, కాంబర్ రాయండి. గ్రాఫు కాగితం మీద ఎత్తును అడ్డంగా, కాంబర్‌ను నిలువుగా గుర్తించి, ఎడమకు ఒక గీత, కుడికి ఒక గీత గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడకపోతే, బోల్టు ముట్టుకోకుండా ఆ కాగితాన్నే నాకు పంపండి.