జీలకర్ర బెల్లం క్లిప్ ఆగి ఆగి ఆడితే

పెళ్లి వీడియో ఎడిట్ చేద్దామని క్లిప్‌ను టైమ్‌లైన్‌లో వేసి ప్లే నొక్కితే, పెళ్లికూతురి చెయ్యి గాల్లోనే ఆగిపోయి, ఒక్కసారిగా పెళ్లికొడుకు తలమీద తేలేది. ఆ క్షణమే కదా వాళ్లకు కావాల్సింది! ఎంత టెన్షన్ పడ్డానో.

రెండు సాఫ్ట్‌వేర్‌లు మార్చాను, లాభం లేదు. గ్రాఫిక్స్ కార్డు కొందామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే, షాపులో కుర్రాడు "అన్నా, ముందు నీ కెమెరా ఏ కోడెక్‌ల తీస్తదో చూస్కో" అన్నాడు.

కోడెక్ అంటే వీడియోను కుదించి ఫైలుగా భద్రపరిచే పద్ధతి. చూస్తే హెచ్.265, 10 బిట్, 4:2:2 (రంగుల వివరాలు ఎక్కువగా ఉంచే రకం). ఇందులో చాలా ఫ్రేములు పూర్తిగా ఉండవు, పక్క ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. మిగతాది కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్క కట్టుకోవాలి. రంగుల వివరాలు తక్కువుండే 4:2:0ను చకచకా విప్పే గ్రాఫిక్స్ కార్డులు కూడా చాలావరకు 4:2:2 దగ్గర చేతులెత్తేస్తాయి. ఎన్విడియాలో ఆ సదుపాయం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలో వీడియో విప్పడానికి ఉండే క్విక్ సింక్ మాత్రం 4:2:2ను విప్పగలదు.

కార్డు కొనలేదు. డావిన్చి రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుని, క్లిప్పులన్నింటికీ సగం సైజులో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే కోడెక్‌లో ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌లో సులువుగా ఆడే నకళ్లు, చేశాను. డిస్క్ బాగా నిండుతుంది, అందుకు సిద్ధపడాలి. కటింగ్ ప్రాక్సీలతో, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్లతో. ఇప్పుడు ఆ చెయ్యి ఎక్కడా ఆగకుండా తలమీదికి వెళ్తోంది.

మీరూ ఏ సాఫ్ట్‌వేర్ కొనేముందైనా మీ కెమెరా మెమరీ కార్డులోని క్లిప్పే వేసి చూడండి.