బురుజే వేదికగా: సాయుధ పోరాటంపై వలయాకార చిత్ర ప్రదర్శనకు ప్రణాళిక

నల్లగొండలో తెలంగాణ సాయుధ పోరాటం మీద, ప్రేక్షకుణ్ణి నాలుగు వైపులా కమ్ముకునే చిత్ర ప్రదర్శన పెట్టదలచినవారు అతడు ఎక్కడ నిలబడి చూస్తాడో ముందుగా తేల్చుకోవాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించే దాకా జరిగినదంతా ఒకే గుడ్డ మీదికి ఎక్కిస్తే, అది బడి గోడకు తగిలించిన పటంలా మిగులుతుంది. 1894లో చిత్రించిన, ఇప్పుడు పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో ఉన్న వలయ చిత్రం 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవు ఉండి కూడా, రష్యా సైన్యం మీదికి రైతులు కొడవళ్లతో కదిలిన ఒక్క రోజు యుద్ధాన్నే చూపుతుంది.

మనకు అటువంటి రోజు 1948 ఆగస్టు 27. ఆనాడు రజాకార్లు, నిజాం బలగాలు బైరాన్‌పల్లి మీద విరుచుకుపడ్డాయి. ఊరివాళ్లు కాపలా కాసిన బురుజు ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఆ గ్రామంలో ఉంది. బురుజు గుండ్రంగా ఉంటుంది కనుక మధ్య వేదికను దాని పైభాగంగానే కట్టవచ్చు. నా అభిప్రాయంలో శవాలను గీయవలసిన అవసరం లేదు. దాడికి ముందరి ఘడియ, పోగుచేసిన రాళ్లు, చేతుల్లోని వడిసెలలు చాలు.

స్తంభాలు అడ్డురాని ఫంక్షన్ హాలులో 40 అడుగుల వ్యాసంతో వలయం గీస్తే సుమారు 126 అడుగుల పొడవైన గుడ్డ పడుతుంది, 12 అడుగుల ఎత్తు సరిపోతుంది. వేదిక ఒక అడుగు ఎత్తున ఉంటే, నింగీ నేలా కలిసే గీతను చూసేవారి కంటి మట్టానికి, అంటే హాలు నేల నుంచి దాదాపు 6 అడుగుల దగ్గర వేయాలి. ఈ కొలత తప్పితే మిగతా పనితనమంతా వృథా అవుతుంది. గుడ్డ పై అంచును వేదిక మీది పందిరితోనూ, కింది అంచును నిజమైన మట్టి, రాళ్లతోనూ కప్పాలి. దీపాలు పందిరి మాటున ఉండి గుడ్డ మీదే పడాలి. లోపలికి వచ్చే దారి ఇరుకుగా, చీకటిగా, ఒక మలుపుతో ఉంటే కళ్లు ముందే అలవాటుపడతాయి.

చేర్యాల నకాశీ పద్ధతిలో సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసిన ఖాదీ అందంగానే ఉంటుంది గానీ, ఆ పటాల ఎర్రటి నేపథ్యం దూరాన్ని చదును చేస్తుంది. దానిని ప్రవేశ మార్గానికే ఉంచి, పెద్ద గుడ్డకు యాక్రిలిక్ రంగులు వాడడం మేలు. సెప్టెంబరు 17న ప్రారంభించాలనుకుంటే వానాకాలపు తేమకు గుడ్డ సాగుతుంది కనుక కింద బరువులు వేలాడదీయాలి.

రజాకార్లను గీసేటప్పుడు ఒక మతాన్ని గీయకుండా జాగ్రత్తపడాలి. విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టులో ఎదిరించి హతుడైన షేక్ బందగీ కూడా ఈ నేల మనిషే. అమరుల ముఖాలు గీసే ముందు వారి కుటుంబాల అనుమతి తీసుకోవాలి. గుడ్డ, వైర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక అగ్నిమాపక పరికరంతో పాటు రెండో ద్వారం తప్పనిసరి. పిల్లలతో వచ్చినవారు మధ్యలోనే బయటికి వెళ్లగలిగేలా దానిని తెరిచే ఉంచాలి.